తులానికి మూడు గ్రెయిన్ల తరుగు

మా వంటింటి కిటికీ గట్టు మీద, తులసి కుండీ పక్కన, ఒక సీసపు గుండు ఉంటుంది. గోలీకాయ కంటే కాస్త చిన్నది. ఇంటికొచ్చిన వాళ్ళు దాన్ని చేతిలోకి తీసుకోగానే "అబ్బో, ఎంత బరువుందో" అంటారు. ఏమిటని అడుగుతారు. తుపాకీ గుండు అని చెప్పగానే, అది అప్పుడే పేలుతుందేమో అన్నట్టు గబుక్కున కింద పెట్టేస్తారు. పేలదు గానీ సీసం కదా, చేతులు కడుక్కోండి అంటాను నేను. శాకాహారుల ఇంట్లో, పూజగది ఎదురుగా తుపాకీ గుండు ఎందుకుందో చెప్పాలంటే ఇద్దరు ముసలివాళ్ళ కథ చెప్పాలి. ఒకాయన మా తాతయ్య, తెనాలి దగ్గర పల్లెటూళ్ళో కంసాలి. రెండో ఆయన ఇండియానా రాష్ట్రం కొలంబస్‌లో మా పక్కింటి పెద్దాయన. వీళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. చూసుకునుంటే ఒక్క ముక్క భాష కలవకపోయినా పొద్దు గూకేదాకా కూర్చునేవాళ్ళు.

నేను 1999లో వచ్చాను. ఆ రోజుల్లో వై2కె పుణ్యమా అని వచ్చిన వేలమందిలో ఒకణ్ణి. కొలంబస్ ఇంజన్ల ఊరు. డీజిల్ ఇంజన్ల కంపెనీ కమిన్స్ పుట్టింది అక్కడే. అందుకే చిన్న ఊరైనా మనవాళ్ళు బాగానే కనిపిస్తారు. 2003లో ఇల్లు కొన్నాం. పక్కింటి గరాజ్ తలుపు ప్రతి శనివారం పొద్దున్నే పైకి లేచి ఉండేది. లోపల బల్ల ముందు కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని ఒక ముసలాయన. డీజిల్ ఇంజన్ల భాగాలకు అచ్చులు చేసే టూల్ అండ్ డై మేకర్‌గా పనిచేసి రిటైరయ్యాడని తర్వాత తెలిసింది.

మొదటిసారి పలకరిద్దామని వెళ్ళాను. నేను "హలో" అనేలోపు ఆయన తలెత్తకుండానే ఎడమ అరచెయ్యి పైకెత్తి ఆగమన్నాడు. ఆయన ముందు త్రాసు ఉంది. పొడుగాటి ముల్లు అటూ ఇటూ ఊగుతోంది. గరాజ్‌లో ఫ్యాన్ ఆపేసి ఉంది, చెమటలు కారుతున్నా సరే. ముల్లు గీత దగ్గర నిలబడ్డాక గాని ఆ అరచెయ్యి కిందికి దిగలేదు.

నేను అక్కడే నిలబడిపోయాను. ఆ అరచెయ్యి నేనెరుగుదును.

తాతయ్య తూకం వేసేటప్పుడు అచ్చం అలాగే చెయ్యెత్తేవాడు. ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు, నడవకూడదు. గాలి తగులుతుందని కిటికీ మూసేవాడు. చెక్కపెట్టెలోంచి చిన్న త్రాసు తీసి, ఒక పళ్ళెంలో బంగారం, రెండో దాంట్లో గురివింద గింజలు. ఎర్రటి గింజ మీద నల్లటి మచ్చ. గురివింద తన కింద నలుపెరగదు అని సామెత చెప్పి, ఆ వెంటనే "నోట్లో పెట్టుకోకురోయ్, విషం" అని హెచ్చరించేవాడు. అది నిజమే, గింజ నలిగితే విషమే. కానీ మాకు ఆ గింజలంటే ఆట. ఆయనకు అవి తూకపు రాళ్ళు.

ఆ శనివారం మొదలు నేను ఆ గరాజ్‌లో ఎత్తుపీట మీద కూర్చోవడం అలవాటైంది. మా అబ్బాయి అప్పటికి నాలుగేళ్ళవాడు. ఆయనకు "పొగ తాత" అని పేరు పెట్టాడు. ఎందుకో తర్వాత చెబుతాను.

ఆయన చేసే పని ఏమిటంటే, పేల్చిన తూటాల ఇత్తడి గుల్లల్ని ఏరి తెచ్చుకుని, వాటిని మళ్ళీ తూటాలుగా తయారుచేసుకోవడం. అమెరికాలో ఇది లక్షణమైన వ్యాపకం. కొందరు ఖర్చు కలిసొస్తుందని మొదలుపెడతారు. నిజానికి ఏమీ కలిసిరాదు, మిగిలిన డబ్బుతో ఇంకో నాలుగు తూటాలు ఎక్కువ పేలుస్తారు అంతే, అని ఆయనే నవ్వేవాడు. అసలు రుచి ఆ పనిలోనే ఉంది. ముందు గుల్లల్ని నలగ్గొట్టిన వాల్‌నట్ పెంకులు పోసిన గుండ్రటి డబ్బాలో గంటల తరబడి తిప్పుతారు, మసి పోయి మెరుస్తాయి. పేలినప్పుడు గుల్ల ఉబ్బుతుంది కాబట్టి దానికి కాస్త జిడ్డు రాసి, బల్లకు బిగించిన ఆకుపచ్చ ప్రెస్సులో పెట్టి పిడి లాగితే అచ్చులోంచి దూరి మళ్ళీ పాత కొలతకు వస్తుంది. అదే ఊపులో అడుగున ఉన్న కాలిపోయిన ప్రైమర్, అంటే మందుకి నిప్పంటించే చిన్న బిళ్ళ, టక్కుమని ఊడి పడుతుంది. తర్వాత కొత్త ప్రైమరు, తూచిన మందు, పైన గుండు. ఆ ఆకుపచ్చ ప్రెస్సు ఆర్‌సిబిఎస్ వాళ్ళ రాక్ చకర్, బండలా ఉంటుంది. త్రాసు కూడా వాళ్ళదే, 5-0-5 అనే రకం. గ్రెయిన్ అనే చిన్న ఇంగ్లీషు తూకంలో పదో వంతు తేడా కూడా చూపిస్తుంది. అంటే ఆరున్నర మిల్లీగ్రాములు.

ఆయనకు ఒక నియమం ఉండేది. యాభై గుల్లల్లో మందు పోయడం అయ్యాక, గుండ్లు పెట్టే ముందు టార్చిలైటు తీసుకుని ఒక్కో గుల్లలోకి తొంగి చూసేవాడు. ఎక్కడైనా రెండుసార్లు మందు పడిందా, అసలు పడలేదా అని. రెండూ ప్రమాదమే. యాభై చూశాక మళ్ళీ మొదటి నుంచి ఇంకోసారి. ఆ సమయంలో ఫోన్ మోగితే ఎత్తేవాడు కాదు. వాళ్ళావిడ లోపలి నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. ఆవిడ కూడా తెలిసి పిలిచేది కాదు.

ఈ తూటాల పనిలో నా చెయ్యి ఎక్కడా పెట్టనిచ్చేవాడు కాదు. కారణం నా వీసా. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం హెచ్1బి మీద ఉన్నవాళ్ళు తుపాకీ గాని, తూటాలు గాని దగ్గర పెట్టుకోకూడదు. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. ఆ తూటాల లెక్కలోకి ఖాళీ గుల్లలు, ప్రైమర్లు కూడా వస్తాయి. ఆయన ఆ చట్టం కాగితాలు ప్రింటు తీసి నా ముందు చదివాడు. "నీ వీసా పాడైతే నాకు పక్కింట్లో మాట్లాడే మనిషి ఉండడు" అన్నాడు. అందుకని నాకు కరణం ఉద్యోగం ఇచ్చాడు. ఆయన తూచి అంకె చెబుతాడు, నేను పుస్తకంలో రాస్తాను. తేదీ, గుల్ల ఎన్నోసారి వాడుతున్నారు, ఏ మందు, ఎన్ని గ్రెయిన్లు, గుండు బరువెంత. నా రాత ఆయన రాత కంటే బాగుండేది లెండి.

అలా రాస్తూండగానే ఒకరోజు చెయ్యి ఆగింది. థర్టీ-ఆట్-సిక్స్ రైఫిల్‌కి ఆయన వాడే గుండు 180 గ్రెయిన్లు. నూట ఎనభై... ఈ అంకె ఎక్కడో విన్నాను. ఇంటికొచ్చి నాన్నకు ఫోన్ చేశాను. నాన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "తులంరా అది. పాత తులం. వెండి రూపాయి ఎత్తు" అన్నాడు.

1833లో కుంపిణీవాళ్ళు తులాన్ని 180 గ్రెయిన్లకు ఖాయం చేశారు. వెండి రూపాయి బరువూ అంతే. అందుకే మా తాతయ్య దగ్గర జార్జి బొమ్మ వెండి రూపాయి ఒకటి తులం రాయిగా చెలామణి అయ్యేది. ఇప్పుడు బజార్లో తులం అంటే పది గ్రాములు అనేస్తున్నారు గాని పాత తులం 11.66 గ్రాములు. అందులో 96 గురివింద గింజలు. ఆ లెక్కన ఒక గింజ రెండు గ్రెయిన్లకు కొంచెం తక్కువ. ఇంకో తమాషా చూడండి. నైన్ ఎంఎం పిస్తోలుకి ఆయన వాడే గుండు 124 గ్రెయిన్లు, అంటే ఎనిమిది గ్రాములు, మన కాసు బంగారం! ఆ వారం ఆయన గరాజ్ నాకు పూర్తిగా నగల కొట్టులా కనిపించింది. ఆయనకి చెబితే ముందు నమ్మలేదు. కాలిక్యులేటర్ తీసి నొక్కి చూసుకుని, గోడ మీద పెన్సిల్‌తో "180 = తులం" అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. ఆ గోడ మీద అప్పటికే ఎన్నో ఫోన్ నంబర్లు, డ్రిల్లు కొలతలు ఉన్నాయి. వాటి మధ్య మా తులం.

నేను చెయ్యి పెట్టగలిగింది ఇంకొకటి ఉంది. అదే నల్లమందు తుపాకీ. మన పేపర్లలో భర్మార్ అని రాస్తారే, మూతిలోంచి మందు పోసి, గుండు పెట్టి, కడ్డీతో కూరే రకం. అమెరికా 1968 తుపాకీ చట్టం దృష్టిలో ఇలాంటి పాతకాలపు నమూనా తుపాకీ అసలు ఫైర్‌ఆర్మే కాదు. ఎంత విచిత్రమో. నా మామూలు జీవితంలో తుపాకీని దగ్గరగా చూసింది బ్యాంకు గేటు దగ్గర కాపలాదారు భుజాన మాత్రమే. పరాయి దేశం వచ్చి భర్మార్ పట్టుకున్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1963 జనవరిలో బంగారం నియంత్రణ వచ్చింది. మొరార్జీ దేశాయి ఆర్థికమంత్రి. కొత్త నగ 14 క్యారెట్లకు మించకూడదన్నారు. 14 క్యారెట్ల నగ మా పల్లెటూళ్ళో ఎవడు చేయించుకుంటాడు? కుంపట్లు ఆరిపోయాయి. తాతయ్య కొన్నాళ్ళు వెండి గజ్జెలు, రాగి చెంబులకు మాట్లతో గడిపాడు. క్యారెట్ల ఆంక్ష ఆ తర్వాత మూడేళ్ళకు తీసేశారు గాని, 1968లో వచ్చిన చట్టం కంసాలికి సర్టిఫికెట్టు, లెక్కల పుస్తకం తప్పనిసరి చేసి 1990 దాకా నడిచింది. ఈలోగా నాన్న సుత్తి వదిలేసి చదువుకుని పోస్టాఫీసులో చేరిపోయాడు. అక్కడా తూకమే, ఉత్తరాలది. అంటే అప్పట్లో మా ఊళ్ళో బంగారం కరిగించడానికి సర్కారు కాగితం కావాల్సొచ్చేది, ఇండియానాలో గరాజ్‌లో తుపాకీ మందు తూచుకోవడానికి అక్కర్లేదు. ఏది సరైనదో నేను చెప్పను. నాకైతే రెండూ అతిగానే అనిపిస్తాయి.

తిరిగి గరాజ్‌లోకి వద్దాం. భర్మార్‌కి గుండ్లు ఆయనే పోసేవాడు. ఇది నాకు అన్నింటికంటే ఇష్టమైన పని. తలుపు బార్లా తెరిచి, చిన్న ఎలక్ట్రిక్ కుండలో సీసం కరిగించేవాడు. 327 డిగ్రీలకు కరుగుతుంది. గుండుకి మెత్తటి సీసమే కావాలి. కారు చక్రాలకు బిగించే సీసపు ముక్కలు పనికిరావు, వాటిలో యాంటిమొనీ కలిసి గట్టిగా ఉంటాయి. గోటితో గీస్తే గీత పడాలి, అదే పరీక్ష. పాత ఇళ్ళ పైకప్పు రేకులు, పైపులు కొనుక్కొచ్చేవాడు. కరిగాక ఒక చిన్న తేనెమైనం ముక్క వేస్తే భగ్గున మంట లేచి, కలిపితే మకిలంతా పైకి తేలుతుంది. చెంచాతో తీసేస్తాడు. తాతయ్య మూసలో వెలిగారం చల్లేది గుర్తొచ్చింది. వెలిగారం పడగానే బంగారం అద్దంలా తేరుకునేది. సీసానికీ అదే తేట. తర్వాత అచ్చులో పోయడం. మొదటి నాలుగైదు గుండ్లు ముడతలు పడతాయి, అచ్చు ఇంకా వేడెక్కలేదు కాబట్టి. వాటిని మళ్ళీ కుండలోకే. "నీళ్ళ చెంబు ఇటు తేకు" అనేవాడు. ఒక్క చుక్క నీరు పడితే సీసం చిమ్ముతుంది. తాతయ్య కుంపటి దగ్గర మా నానమ్మకు కూడా సరిగ్గా ఇదే ఆజ్ఞ.

తీసేసిన మకిలి కూడా పారెయ్యడు. కాఫీ డబ్బాలో దాస్తాడు. తాతయ్య కొట్టు ఊడ్చిన దుమ్ము కూడా మేం పారెయ్యలేదు, అది కొనుక్కెళ్ళి కడిగి రజను తీసుకునేవాళ్ళు ఉండేవారు.

ఆ గుండుకి జత గుడ్డముక్క. దుప్పటి గుడ్డ లాంటి దట్టమైన నూలు గుడ్డను గుండ్రంగా కత్తిరించి, జిడ్డు పట్టించి, గొట్టం మూతి మీద పరిచి, దాని మీద గుండు పెట్టి నొక్కాలి. గొట్టంలో మరలు తిరిగిన గాడులుంటాయి, వాటిని గుండు కాదు, ఈ గుడ్డే పట్టుకుంటుంది. మొదటిసారి ఆయన నా చేతికి గుడ్డముక్క ఇచ్చి, కాసేపు నోట్లో పెట్టుకుని తడపమన్నాడు. పాతకాలంలో అలాగే చేసేవారట, ఉమ్మే జిడ్డుకి బదులు. నేను ఆగాను. "దీనికి ముందే ఏమైనా రాశారా?" అని అడిగాను. గొర్రె కొవ్వు, తేనెమైనం అన్నాడు.

నాకు నవ్వాగలేదు. ఆయనకు 1857 కథ చెప్పాల్సొచ్చింది. ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటా కాగితాన్ని పళ్ళతో కొరకాలి, దానికి ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న పుకారు డమ్‌డమ్ డిపోలో లేచి, బారక్‌పూర్‌లో మంగళ్ పాండే, మీరట్‌లో కొరకనన్న 85 మంది సిపాయిలకు శిక్ష, మే 10న తిరుగుబాటు. మా దేశంలో కంపెనీ రాజ్యం పోయింది ఇలాంటి గుడ్డ జిడ్డు వల్లే సుమండీ అన్నాను. ఆయన చాలా గంభీరంగా విన్నాడు. మరుసటి శనివారం వెళ్ళేసరికి కొత్త డబ్బా ఉంది. ఆలివ్ నూనె, తేనెమైనం. దాని మీద మాస్కింగ్ టేపు అంటించి "హిందూ" అని రాసిపెట్టాడు. ఆయన అక్కడున్నన్నాళ్ళూ ఆ డబ్బా అలాగే ఉంది. పైగా ఆ జిడ్డే బాగా పనిచేస్తోందని గొర్రె కొవ్వు ఆయన కూడా మానేశాడు.

కొలంబస్ నుంచి తూర్పుగా వెళితే, వర్సేల్స్ దాటాక, ఫ్రెండ్‌షిప్ అనే చిన్న పల్లె వస్తుంది. (ఆ ఊరి పేరు ఫ్రెంచివాళ్ళలా వెర్సాయ్ అంటే అక్కడ ఎవరికీ అర్థం కాదు. వర్‌సేల్స్ అనాలి.) భర్మార్ తుపాకుల వాళ్ళకు ఫ్రెండ్‌షిప్ తిరుపతి లాంటిది. 1933లో పెట్టిన జాతీయ మజిల్ లోడింగ్ రైఫిల్ సంఘం ఉండేది అక్కడే. జూన్‌లో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి పోటీలు. లాఫరీ క్రీక్ అనే వాగు ఒడ్డున గుడారాలు, తోలు దుస్తులు వేసుకుని రెండు వందల ఏళ్ళ నాటి మనుషుల్లా తిరిగేవాళ్ళు, కట్టెపొయ్యి మీద బీన్స్. మా ఆవిడ పులిహోర కట్టిచ్చేది. పొగ తాత దాన్ని "యెల్లో రైస్" అని పిలిచి, మిరపకాయలు ఏరి పక్కన పెట్టి, మిగతాదంతా తినేసేవాడు.

పొగ తాత అనడం ఎందుకో ఇప్పుడు చెప్పొచ్చు. ఈ నల్లమందు సూరేకారం, గంధకం, బొగ్గు కలిసినది. ఈ కాలం మందులా గ్యాసైపోదు. కాలినదాంట్లో సగానికి పైగా ఘనపదార్థమే, అదే పొగై, మసై మిగులుతుంది. వరసగా ముప్ఫైమంది నిలబడి పేల్చారంటే ఎదురుగా గురి కనబడదు. గాలి వీచేదాకా ఆగాలి. ఆయన గడ్డం తెల్లగా ఉండేది, సాయంత్రానికి బూడిదరంగుకి వచ్చేది. మా అబ్బాయికి ఆ వాసన తెలుసు. దీపావళికి చిచ్చుబుడ్డి వెలిగించిన వెంటనే "పొగ తాత వచ్చాడు" అన్నాడు ఒకసారి. మరి చిచ్చుబుడ్డిలోనూ ఈ మూడు దినుసులు ఉంటాయిగా. ఒకప్పుడు ప్రపంచం తుపాకులన్నిటికీ సూరేకారం ఎక్కువగా మన బీహారు నుంచి, పాట్నా గోదాముల నుంచే ఓడలెక్కింది. ఆ సంగతి చెప్పినప్పుడు పెద్దాయన నా భుజం మీద తట్టి, "అయితే మేమే మీవాళ్ళకు బాకీ" అన్నాడు. ఎవరు ఎవరికి బాకీయో!

నా మొదటి పరాభవం అక్కడే. హాకెన్ నమూనా రైఫిల్ ఆయనది, అర అంగుళం గొట్టం, 1970లో థాంప్సన్ సెంటర్ వాళ్ళు మొదలుపెట్టిన రకం. వరస ఆయన నేర్పినదే. మందు బుడ్డిలోంచి నేరుగా గొట్టంలోకి పోయకూడదు, కొలత గిన్నెలోకి పోసి, అక్కడి నుంచి గొట్టంలోకి. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే చేతిలో బుడ్డి మొత్తం లేచిపోతుంది. తర్వాత గుడ్డ, గుండు, కడ్డీతో అడుగుదాకా. చివర్న, సుత్తి దెబ్బకి నిప్పురవ్వ పుట్టించే చిన్న క్యాపు. పక్కన ఒహాయో నుంచి వచ్చిన ఒకాయన నన్ను చూసి, "మీ దేశంలో పులులుంటాయా" అని అడిగాడు. నాగార్జునసాగర్, శ్రీశైలం అడవుల సంగతి ఉత్సాహంగా చెబుతూ గుడ్డ, గుండు కూరేశాను. గురి చూశాను. నొక్కాను. ఠప్. అంతే. క్యాపు ఒక్కటే పేలింది.

నియమం ప్రకారం తుపాకీ మూతి గురివైపే ఉంచి ఒక నిమిషం కదలకుండా నిలబడాలి, మందు ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంది కాబట్టి. ఆ నిమిషం నా జీవితంలో పొడవైన నిమిషాల్లో ఒకటి. తర్వాత ఇంకో క్యాపు. మళ్ళీ ఠప్. అప్పుడు పెద్దాయన వెనక నుంచి నెమ్మదిగా అడిగాడు. "మందు పోశావా?"

పోయలేదు. శ్రీశైలం పులి మింగేసింది. ఇరుగుపొరుగు వాళ్ళంతా నవ్వారు గాని, ఎగతాళిగా కాదు. ఇది జరగనివాడు ఆ గుంపులో లేడట. కడ్డీ చివర స్క్రూ బిగించి గుండులోకి తిప్పి దాన్ని పీకి తీశాడు. స్క్రూ గాయంతో ఉన్న ఆ గుండుని నా చేతిలో పెట్టి, పుస్తకంలో రాయమన్నాడు. "సెప్టెంబరు 2005. మందు లేదు. పులి." అని నా చేత్తోనే రాశాను.

ఇంటికొచ్చాక అసలు పని. నల్లమందు మసి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రాత్రికి రాత్రే గొట్టం తుప్పు పడుతుంది. మరుగుతున్న సబ్బునీళ్ళతో అదే రోజు కడగాలి. ఎంత అలసిపోయినా సరే. గంధకం మసి వేడినీళ్ళలో కలిస్తే కుళ్ళిన గుడ్ల వాసన. ఒకసారి ఆయన ఇంట్లో గీజర్ పాడైతే మా బాత్‌రూమ్‌లో కడిగాం. మా ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు. గుడ్డు గడప తొక్కని ఇంట్లో ఆ వాసనతో అగరొత్తులు ఎన్ని వెలిగించినా లాభం లేకపోయింది.

2008 వేసవిలో నాన్న వచ్చాడు. అమ్మ పోయిన ఏడాది. ఊరికే టీవీ ముందు కూర్చునేవాడు. ఇక్కడ చెయ్యడానికేముంది, నడవడానికి రోడ్డు మీద మనిషి ఉండడు అనేవాడు. ఒక శనివారం బలవంతాన పక్కింటికి తీసుకెళ్ళాను.

పెద్దాయన ఆ వేళ లైటు తగ్గించుకుని గుల్లల మెడలు కాలుస్తున్నాడు. మళ్ళీ మళ్ళీ వాడితే ఇత్తడి గట్టిపడి మెడ దగ్గర చిట్లుతుంది. అందుకని చిన్న గ్యాసు మంట మీద మెడ వరకే వేడి చేసి, రంగు మారే క్షణంలో నీళ్ళ పళ్ళెంలో పడేస్తాడు. ఎక్కువ కాలితే మెత్తబడిపోతుంది, తక్కువైతే ఫలితం లేదు. నాన్న గుమ్మం దగ్గరే నిలబడి చూస్తున్నాడు. ఐదో గుల్లకో ఆరో గుల్లకో, పెద్దాయన చెయ్యి కదలక ముందే నాన్న నోట్లోంచి వచ్చింది. "చాల్." పెద్దాయన గుల్లను నీళ్ళలో వదిలి, తలెత్తి చూశాడు. మరో గుల్ల పెట్టాడు. ఈసారి తను మంటను చూడలేదు, నాన్న మొహం చూశాడు. "చాల్." సుయ్యిమని నీళ్ళలో పడింది. అలా ఇరవయ్యో ఎన్నో. పెద్దాయన కూడా "చాల్" అనడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత అక్కడున్నన్నాళ్ళూ, ఒంటరిగా చేసుకునేటప్పుడు కూడా గుల్లను వదిలే ముందు ఆ మాట అనుకునేవాడని నాకు తెలుసు, గోడ అవతలికి వినిపించేది.

నాన్న పదిహేనేళ్ళప్పుడు కుంపటి వదిలేశాడు. నలభై అయిదేళ్ళ తర్వాత కూడా రంగు కంట్లోనే ఉంది.

ఆ మధ్యాహ్నం పోసిన గుండ్లు చల్లారాక పెద్దాయన ఒకటి తీసి నాన్న అరచేతిలో పెట్టాడు. నాన్న రెండుసార్లు చెయ్యి పైకీ కిందికీ ఆడించాడు. "తులానికి కాస్త తగ్గింది" అన్నాడు నాతో. నేను చెప్పాను. పెద్దాయన గోడ మీద పెన్సిల్ రాత వైపు చూసి, ఫ్యాన్ ఆపాడు. త్రాసు పళ్ళెంలో గుండు పెట్టాడు. ఇద్దరూ ఒకేసారి అరచేతులు పైకెత్తారు, నేనేదో అనబోతున్నానని. ముల్లు ఊగి, ఊగి, నిలబడింది. 177.

"మూడు తక్కువ" అన్నాను.

నాన్న నవ్వాడు. అమ్మ పోయాక ఆయన పళ్ళు కనబడేలా నవ్వడం నేను చూడలేదు. "తరుగురా. కంసాలి తరుగు తీసుకోకుండా ఉంటాడా" అన్నాడు. తల్లి బంగారమైనా కంసాలి కాజేస్తాడన్న సామెత చిన్నప్పటి నుంచి ఆయన్ని ఎంత బాధపెట్టిందో నాకు తెలుసు. అలాంటి మనిషి ఆ మాట తనే అని తనే నవ్వాడు. దాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక, కరిగించేటప్పుడు పోయే బరువుని తరుగు అంటాం, దానికి కూలి కూడా కలిపి పట్టుకుంటాం అని ఏదో చెప్పాను. పెద్దాయన చాలాసేపు ఆలోచించి, "నేను కంపెనీలో నలభై ఏళ్ళు తరుగు తెచ్చుకున్నాను" అన్నాడు. బల్ల మీద ఉన్న రెంచీలన్నీ చూపించి కన్ను గీటాడు.

ఆ గుండే మా కిటికీ గట్టు మీదున్నది.

2009లో గ్రీన్‌కార్డు వచ్చింది. ఇక గుల్లలు ముట్టుకోవచ్చు. కానీ అప్పటికి నాకు కరణం పనే అలవాటైపోయింది, అదే చేశాను. 2019లో వాళ్ళావిడకు మతిమరుపు ముదిరి, ఇద్దరూ అరిజోనాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ప్రెస్సు మనవడికిచ్చాడు. రైఫిలు నాకివ్వబోతే వద్దన్నాను, శుభ్రంగా కడిగే మనిషి దగ్గరుండాలి అది. త్రాసు అడిగాను. ఇచ్చాడు. మరుసటి ఏడాది కరోనా వచ్చాక కొట్లలో ప్రైమర్లు దొరకలేదు, 2021లో గోయెక్స్ నల్లమందు ఫ్యాక్టరీ మూసేస్తామని ప్రకటించారు, తర్వాత వేరేవాళ్ళు కొన్నారు. ఆయన ఫోన్ చేసినప్పుడల్లా ఈ వార్తలే చెప్పుకునేవాళ్ళం. ఇద్దరికీ పనికిరాని వార్తలు.

ఆ లాక్‌డౌన్ రోజుల్లోనే ఒకరోజు నాన్న వీడియోకాల్‌లో తాతయ్య చెక్కపెట్టె తీశాడు. త్రాసు, వెండి రూపాయి, సీసాలో గురివిందలు. "నీ గుండు ఎన్ని గింజలో చూద్దామా" అన్నాడు. గుండు అక్కడికి పంపలేను, విమానాశ్రయంలో ఎవరికి సంజాయిషీ చెప్పాలి? గింజలు ఇక్కడికి రావు, కస్టమ్స్‌వాళ్ళు కాగితాలు లేని విత్తనాల్ని రానివ్వరు. అందుకని ఇక్కడ నా త్రాసులో గుండు, అక్కడ ఆయన త్రాసులో రూపాయి. ఎదురు పళ్ళెంలో ఒక్కో గింజ వేస్తూ లెక్కపెట్టాడు. లెక్క ప్రకారం తొంభై ఆరు రావాలి, గుండుకైతే తొంభై నాలుగు చాలు. తొంభై ఆరు వేశాడు. ముల్లు కదల్లేదు. తొంభై తొమ్మిది, నూట ఒకటి. అప్పుడు నిలబడింది.

"రూపాయి అరగలేదే" అన్నాడు తనలో తను. రూపాయిని గుడ్డతో తుడిచాడు. కళ్ళద్దాలు తుడిచాడు. "గింజలు ఎండిపోయాయిరా. అరవై ఏళ్ళనాటివి. తడి ఆరి తేలికైపోయాయి."

మళ్ళీ అన్నీ సీసాలో పోసేసి, కిటికీ మూసి రావడానికి లేచాడు. నేను ఇక్కడ ఫ్యాన్ ఆపాను. ఎందుకో తెలీదు, నా గాలి అక్కడికి తగలదు కదా. వచ్చి కూర్చుని, ఏదైనా అనబోయేలోపే తెర మీద అరచెయ్యి పైకెత్తాడు. ఒకటి, రెండు, మూడు...